బుధవారం వంతు

“జడేంటండి మేడంగారూ? మా పాపకి పోయిన నెల్లోనేగా గుండు చేయించాం, ద్వారకా తిరుమల్లో. జుట్టు ఇంకా వేలెడు కూడా రాలేదు!”

హైమ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. ఆ కాగితం మీద పోయిన బుధవారం తను రాసుకున్న వాక్యం, తన దస్తూరీలోనే, కింద గీత గీసి మరీ ఉంది: రోజూ పది నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టేసి, పాపకి జడ వేయాలి. శ్రీదుర్గకి తనిచ్చిన హోంవర్కు అది. రాజమండ్రి దానవాయిపేటలో, మూడో అంతస్తు ఫ్లాటులో, బీరువా కనబడకుండా వెనకాల లేతనీలం దుప్పటి కట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో మనుషుల కష్టాలు వినే హైమ, ఇచ్చిన పని చేశారా లేదా అని అడక్కుండా ఏ సెషనూ మొదలుపెట్టదు. ఇరవై ఏళ్ళు కాలేజీలో సైకాలజీ చెప్పింది మరి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! అడిగింది. అడిగితే వచ్చిన జవాబు ఇదీ. పోయినవారం ఇదే గొంతు, ఇదే గుసగుస, వెనకాల ఇదే ఐసు కంప్రెసర్ రొద, “జడాండీ?” అని అడిగి, చాలాసేపు ఊరుకుని, “ఆయ్, అలాగేనండి” అంది. కన్నకూతురికి గుండు చేయించిన సంగతి అప్పుడు గుర్తులేదా ఈ మనిషికి?

“పోయినవారం మనం అనుకున్నాం కదండీ శ్రీదుర్గగారూ,” అంది హైమ, పాఠం చెప్పే గొంతుతో.

అవతల ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టినట్టు రొద మందగించింది. అయినా వినపడింది. “అక్కా, పోయినవారం ఎవరి వంతు?” అని ఒక గొంతు. “పాపాయిది కదే,” అని ఇంకో గొంతు. తరవాత చెయ్యి తీసేశారు.

“మేడంగారూ, కోప్పడనంటే ఓ మాట చెప్తానండి. నేను శ్రీదుర్గని కాదండి. పావనినండి. శ్రీదుర్గక్క ఇక్కడ నా పక్కనే ఉంది. మేం ముగ్గురవండి.”

ముగ్గురేంటి? హైమకి మాట అర్థమైంది కానీ బుర్రలోకి ఎక్కలేదు. మొగల్తూరు అవతల రొయ్యల ఫ్యాక్టరీలో సైజులవారీగా రొయ్యలు ఏరే గ్రేడింగు చేసే శ్రీదుర్గ, ముప్ఫైనాలుగేళ్ళు, భర్త కువైట్‌లో, పది బుధవారాలుగా మధ్యాహ్నం మూడింటికి సరిగ్గా యాభై నిమిషాలు గమ్‌బూట్లు పెట్టుకునే గదిలో కూర్చుని, సూపర్‌వైజరుకి వినపడకుండా గుసగుసగా మాట్లాడే తన క్లయింటు శ్రీదుర్గ. ఆ శ్రీదుర్గ ఇప్పుడు ముక్కలవుతోంది. పావని చెప్పుకుపోతోంది, తప్పు ఒప్పుకునే పిల్లలా గబగబా: కంపెనీ ఈ కౌన్సెలింగు పర్మనెంటోళ్ళకే ఇచ్చిందండి, మా జట్టులో అక్క ఒక్కత్తే పర్మనెంటండి, నేనూ పాపాయీ కాంట్రాక్టోళ్ళమండి, మాకు లేదన్నారండి. “శివారు చేలకి కాలవనీళ్ళు వంతులవారీగా వదుల్తారు కదండీ, అలా పెట్టుకున్నామండి. ఓ బుధవారం అక్క, ఓ బుధవారం నేను, ఓ బుధవారం పాపాయి. ఇవాళ నిజానికి అక్క వంతేనండి, మా ఇంట్లో గొడవైందని నాకిచ్చేసింది. తప్పేనండి, అక్కనేం అనకండి.”

హైమకి కోపం రాలేదు. “పాపాయిగారికి పిల్లలెంతమందండి?” అని అడిగింది, ఆ ప్రశ్న తన నోటి నుంచి వస్తుండగానే జవాబు తెలిసిపోయినట్టనిపించింది.

“ఒక్కతే పాపండి. తొమ్మిదేళ్ళది. డెంగ్యూ వచ్చి పోయింది కదండీ.” పావనికి కూడా ఏదో తట్టినట్టుంది. “మేడంగారూ, జడ వెయ్యమని మీరు చెప్పింది పాపాయికాండి?”

అవును, పాపాయికి. చచ్చిపోయిన కూతురికి రోజూ జడ వేయమని, అది కూడా పది నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, మనసంతా అక్కడే పెట్టి వేయమని, ఎంతో ప్రేమగా, ఎంతో నేర్పుగా, నవ్వుతూ చెప్పింది హైమ. “పాపాయిగారు అక్కడున్నారా? ఒక్కసారి ఫోనివ్వండి.” నిన్నా ఇవాళా డ్యూటీకి రాలేదండి, ఒంట్లో బాలేదేమో అనుకున్నాం, ఫోను కూడా తియ్యట్లేదు, అంది పావని. నిన్నా ఇవాళా. ఇవాళ తేదీ ఎంత? ముప్ఫై. జూలై ముప్ఫై. నోట్సులో జడకి రెండు లైన్ల పైన పాపాయి మాట ఉంది, పాపాయిదని తెలియక రాసుకున్న మాట: ‘నెలాఖరు దాకా లాగేస్తే చాలండి. తరవాత ఎవరికీ నాతో పని లేదు.’ దాని పక్కన హైమ వ్యాఖ్య కూడా ఉంది, ఫ్యాక్టరీలో సీజను తగ్గడం గురించి దిగులు, అని.

“పావనీ, నువ్వూ శ్రీదుర్గా ఇప్పుడే ఆవిడింటికి వెళ్ళండమ్మా. ఇప్పుడే. ఈ ఫోను కట్ చెయ్యకండి, జేబులో పెట్టుకోండి.” మీరు, అండి అన్నీ ఎగిరిపోయాయి. గేటు పాసు కావాలండి అంది పావని. తెచ్చుకోండి, ఇవ్వకపోతే గోడ దూకండి, అంది హైమ, యాభై రెండేళ్ళ మాజీ లెక్చరరు. అవతల స్టూలు కిందపడిన చప్పుడు, గమ్‌బూట్లు విప్పి విసిరేసిన చప్పుడు, పరుగు. ఆ తరవాత కంప్రెసర్ రొద దూరమైపోయింది. తెర మీద కుడిపక్క గడియారం వెనక్కి నడుస్తోంది: నలభై ఒకటి. యాభై నిమిషాలవగానే ఆ యాప్ దానంతటదే లైను కట్ చేసేస్తుంది, మళ్ళీ బుధవారం దాకా తెరుచుకోదు. క్లయింటు ఫోన్ నంబరు కౌన్సెలరుకి కనబడదు, అది మనుషుల రహస్యం కాపాడే ఏర్పాటు, ఎంతో మంచి ఏర్పాటని హైమే ఒకసారి మెచ్చుకుంది. పావని నంబరు అడగాల్సింది, అడగలేదు. ఇంటి అడ్రసు అడగాల్సింది, అదీ అడగలేదు. తెలివంతా ఎక్కడికి పోయింది! “పావనీ! పావనీ!” అని లాప్‌టాప్‌లోకి అరిచింది. జేబులో ఉన్న ఫోనుకి అరుపులు వినపడవు. స్కూటీ స్టార్టవుతున్న చప్పుడు వచ్చింది, రెండుసార్లు ఆగి, మూడోసారికి అందుకుంది.

ఫారం తెరిచింది. అత్యవసర సమయంలో ఎవరికి చెప్పాలి అన్న చోట ఒక నంబరుంది, కువైట్‌ది, శ్రీదుర్గ మొగుడిది. పనికొచ్చే నంబరే! పక్కనున్న తన సెల్‌ఫోన్ తీసుకుని ఎమర్జెన్సీ నంబరు కొట్టింది. అవతల అమ్మాయి మర్యాదగానే అడిగింది. పేరండి? పాపాయి. ఇంటిపేరు? తెలీదండి. వయసు? తెలీదండి. ఊరు? మొగల్తూరు దగ్గర. దగ్గరంటే ఏ ఊరండి? హైమ రొయ్యల ఫ్యాక్టరీ పేరు చెప్పింది. మీరు ఆవిడకి ఏమవుతారండి? కౌన్సెలర్‌నండి. అంటే ఆవిడ వివరాలు మీ దగ్గరే ఉండాలి కదండీ, అంది ఆ అమ్మాయి, ఎత్తిపొడుపేం లేకుండా, నిజంగానే అర్థంకాక. స్టేషనుకి చెప్తామండి, అడ్రసు తెలియగానే మళ్ళీ చెయ్యండి, అంది. వివరాలు ఉండాలి. ఉన్నాయి, తొమ్మిది పేజీలు ఉన్నాయి, నీలం సిరాతో, పక్కన ఎర్ర సిరాతో విశ్లేషణలు కూడా ఉన్నాయి. అందులో పాపాయి అన్న మాట ఒక్కచోటా లేదు.

మోసపోయానా అని అనుకోబోయింది, అనుకోవడానికి కూడా సిగ్గేసింది. మొదటి వారం కెమెరా ఒక్క నిమిషం పెట్టమంది, పెట్టారు. నెత్తిమీద జుట్టంతా కప్పేసిన తెల్ల టోపీ, ముక్కూ మూతీ కప్పేసిన మాస్కు, మధ్యలో రెండు కళ్ళు. ఆ ఫ్యాక్టరీలో ఆరువందలమంది ఆడవాళ్ళు అలాగే ఉంటారు. ఇంక గొంతంటారా, గుసగుసకి ఊరూ పేరూ వయసూ ఉండవు. సరే, గొంతు పోల్చుకోలేదు, మాటలు? ఒక వారం మొగుడు కువైట్‌లో. ఇంకో వారం మొగుడు రాత్రి అలిగి అన్నం తినలేదు. మరో వారం మొగుడు వేరే ఆవిడతో భీమవరంలో కాపురం పెట్టాడు. ఏ పక్కింటావిడైనా, ఏమ్మా నీకెంతమంది మొగుళ్ళు అని నవ్వి అడిగి ఉండేది. హైమ అడగలేదు. హైమకి చదువుంది. అందుకని ముగ్గురు మొగుళ్ళనీ సూదీదారంతో కలిపి కుట్టి ఒక్కణ్ణి చేసింది: కువైట్‌లో ఉన్నాడు, ఫోన్లో అలుగుతాడు, వేరే ఆవిడ భీమవరంలో ఉందన్నది భార్య అనుమానం. ఎంత చక్కగా అతికింది! ఒక వారం బోరుమని ఏడ్చి మరుసటివారం కూతురి పుట్టినరోజుకి తెచ్చిన కేకు గురించి కిలకిలా చెప్తే, మనసు బాధ నుంచి పారిపోతోందని ఎర్ర సిరాతో రాసింది. నెలకోసారి శనివారం ఆన్‌లైన్‌లో పెద్ద కౌన్సెలరు ఉదయభాస్కర్‌గారి దగ్గర పదిమందీ చేరి తమ కేసులు చెప్పుకుంటారు, పేర్లు మార్చి. అక్కడ హైమ ఈ కేసు చెప్పింది. ఒకే మనిషిలోంచి ముగ్గురు మాట్లాడుతున్నట్టు ఉందండి, అంది. ఉదయభాస్కర్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “చాలా సూక్ష్మంగా పట్టుకున్నారు హైమగారూ, ఇది పేపరుగా రాయండి” అన్నారు. ఆ రాత్రి తనకి గర్వంతో నిద్రపట్టలేదు, భర్త కామేశాన్ని లేపి మరీ చెప్పింది. ముగ్గురు మాట్లాడుతున్నట్టు ఉందట. ముగ్గురే మాట్లాడుతున్నారే తల్లీ! చెవిటిదానికి కూడా తెలిసేదే, నీకు తెలీలేదు.

ముప్ఫై రెండు. జేబులోంచి వాన చప్పుడు వినపడుతోంది, గుడ్డ మీద పడుతున్న చినుకుల టపటపలు, మధ్యమధ్య రొయ్యల చెరువుల్లో గాలి కోసం తిరిగే ఏరియేటర్ల రొద వచ్చి పోతోంది, ఒక లారీ హారను దగ్గరగా వచ్చేసరికి హైమ కుర్చీలోంచి లేచింది. “పక్కకి తియ్యవే, పక్కకి,” అని శ్రీదుర్గ అరుపు. శ్రీదుర్గ అసలు గొంతు ఇదన్నమాట, బొంగురుగా, పెద్దగా, వీధి చివరికి వినపడేలా. పది వారాల్లో ఇదే మొదటిసారి వినడం. తలుపు కొద్దిగా తెరుచుకుని కామేశం కాఫీ గ్లాసుతో తొంగిచూశాడు, గడియకి తువ్వాలు వేలాడదీస్తే లోపలికి రాకూడదన్నది ఇంట్లో నియమం, తువ్వాలు వేయడం ఇవాళ మర్చిపోయినట్టుంది. “ఏమైంది హైమా, ముఖం అలా ఉందేంటి?” ఏం లేదండీ, వెళ్ళండి, అంది. చెప్పడానికి లేదు, ఎవరి సంగతులూ ఎవరికీ చెప్పకూడదు, అదొక్కటే ఇవాళ తను సరిగ్గా పాటించిన నియమం. అతను గ్లాసు బల్లమీద పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, కెమెరా గుర్తొచ్చి మానేసి వెళ్ళిపోయాడు. కెమెరా వైపు ఎవరున్నారు గనక, ఒక జేబు ఉంది. హైమ కాఫీ వంక చూసింది. అది తాగే అర్హత తనకి లేదనిపించింది.

పావని మొదట చెప్పిన వరస గుర్తొచ్చింది. అక్క, తరవాత పావని, తరవాత పాపాయి. అయితే మూడో బుధవారం, ఆరో బుధవారం, తొమ్మిదో బుధవారం. ఆ మూడు కాగితాలూ ఫైల్లోంచి లాగి పక్కపక్కన పెట్టింది. మూడో బుధవారం: ‘చేతులు ఐసులో పెట్టినా తెలీట్లేదండి. పాపకి చలంటే భయమండి.’ హైమ ఏం రాసింది? పనిలో ఉండగా ఇంటి దగ్గరున్న బిడ్డ గురించి బెంగ, మామూలే. ఆరో బుధవారం: ‘రోజూ అన్నం రెండు కంచాల్లో పెడతన్నానండి. పెట్టాక గుర్తొస్తది.’ హైమ ఏం రాసింది? కువైట్‌లో ఉన్న భర్త కోసం ఎదురుచూపు. భర్త కోసమట! ‘నిద్ర పడితే భయమండి, లేచాక మళ్ళీ మొదట్నించీ తెలుసుకోవాలి.’ దీని పక్కన ఏమీ రాయలేదు, ఎందుకు రాయలేదు? ఆ వారం కరెంటు పోయి లైను తెగింది, తరవాత వారం గొంతు హుషారుగా ఉంది, మర్చిపోయింది. హుషారుగా ఉన్నది శ్రీదుర్గ. తొమ్మిదో బుధవారం: నెలాఖరు. మూడు కాగితాలూ విడిగా చదివితే, ఒక మనిషి మూడు మెట్లు దిగి నీళ్ళ అంచుకి వచ్చి నిలబడడం కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి ఇస్తే వాళ్ళు కూడా చెప్తారు, మేడమ్, ఈవిడ ప్రమాదంలో ఉంది అని. మధ్యలో పావని కేకులూ, శ్రీదుర్గ నవ్వులూ వచ్చి పాపాయిని కప్పేశాయి. వాళ్ళ తప్పు కాదు. దాహం ముగ్గురికీ ఉంది, ఉన్న నీళ్ళు ముగ్గురూ పంచుకున్నారు. ఎవరికి ఎంత అందిందో చూడాల్సింది ఎవరు?

ఇంకొకటి ఉంది, హైమ చాలాసేపటి నుంచి దాని వైపు చూడకుండా తప్పించుకుంటోంది. నాలుగు వారాలకోసారి తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా? తను పిల్లలకి క్లాసులో బల్ల గుద్ది చెప్పేది, అడిగితే ఆలోచన పుట్టదు, అడగకపోతే మనిషి ఒంటరైపోతుంది, సూటిగా అడగండి, సిగ్గుపడకండి అని. మొదటి బుధవారం అడిగింది, శ్రీదుర్గ, “లేదండీ, కువైట్ నించి మా ఆయన తెచ్చే గొలుసు వేసుకోకుండా పోతానాండి?” అంది. అయిదో బుధవారం అడిగింది, పావని, “ఛీ ఛీ, అవేం మాటలండి, చంటిపిల్ల తల్లిని” అంది. గడిలో టిక్కు పెట్టింది, ప్రమాదం లేదు, బిడ్డ మీద మమకారమే ఈమెకి రక్ష, అని రాసింది. మళ్ళీ అడగాల్సింది తొమ్మిదో బుధవారం. అంటే పోయిన బుధవారం. పాపాయి వంతు. నెలాఖరు మాట విని ఒక్క క్షణం ఆగింది కూడా, అడుగుదామా అనుకుంది కూడా, ఫైలు వెనక్కి తిప్పి చూసింది, ప్రమాదం లేదు అని తన అక్షరాలే భరోసా ఇచ్చాయి. మనిషి మాట కన్నా కాగితం మీదున్న తన మాటనే నమ్మింది. నమ్మి, ప్రశ్న మానేసి, ఆ రక్షనే గట్టిచేద్దామని జడ సంగతి చెప్పింది. జడాండీ, అని అడిగినప్పుడు ఆ గొంతులో ఏముంది? ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే ఏదో ఉన్నట్టే ఉంది, అప్పుడేమీ లేదు. కాదు, అప్పుడూ ఉంది, తను ఆ సమయానికి టైము చూసుకుంటోంది. అయిదు నిమిషాల్లో ఇంకో క్లయింటు ఉన్నాడు. హైమ రెండు చేతుల్తో నోరు మూసుకుంది. నేను చంపేశాను, అనుకుంది. ఆ మాట అనుకున్నాక గదిలో ఫ్యాను తిరగడం కూడా వింతగా కనిపించింది.

పదిహేడు. స్కూటీ ఆగింది. అడుగులు బురదలో పడుతున్నాయి. ఎవరో పెద్దావిడ గొంతు, దగ్గుతో కలిసి: “పొద్దున్నించీ తలుపు తియ్యలేదమ్మా, పిలిస్తే పలకట్లేదు, మందేసుకుని పడుకుందేమో అనుకున్నా.” శ్రీదుర్గ అంది, “జ్ఞానమ్మత్తా, వెనక తలుపుందా?” “అదీ గడియే.” ఆ తరవాత తలుపు మీద దబదబమని దెబ్బలు. పాపాయీ! ఒసే పాపాయీ! హైమ లాప్‌టాప్‌కి చెవి ఆనించేసింది, కళ్ళజోడు తెరకి తగిలింది. తలుపు మీద దెబ్బలు తన గుండె మీద పడుతున్నాయో, గుండె దెబ్బలే తలుపులా వినపడుతున్నాయో తెలీలేదు. పద్నాలుగు. పావని ఏడుస్తోంది, ఆపు ఏడుపు, ఆ గునపం అందుకో, అంటోంది శ్రీదుర్గ. దేవుడా, అనుకుంది హైమ, దేవుణ్ణి ఈమధ్య పిలిచిన గుర్తు లేదు, పిలవడానికి ఏ పేరూ తట్టలేదు, ద్రాక్షారామం భీమేశ్వరుడు తట్టాడు, చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని ఆ రాతిమెట్లెక్కిన సంగతి తట్టింది, ఆ ముసలి శివుడికి దణ్ణం పెట్టి, ఆవిణ్ణి నాకు దక్కించు స్వామీ, నాకు కాదు, ఆవిడకే దక్కించు, అంది. పన్నెండు. చెక్క విరిగిన చప్పుడు. అందరూ ఒక్కసారి నోరు మూసుకున్నారు. వాన మాత్రమే వినపడుతోంది. ఎవరైనా ఏదైనా చెప్పండి. ఏడవండి, అరవండి, ఏదో ఒకటి చెయ్యండి.

“ఆ పురుగుమందు డబ్బా ఇటియ్యి,” అంది శ్రీదుర్గ, మెల్లగా. “మూత తీశావా? నిజం చెప్పు, నన్ను చూసి చెప్పు. తీశావా?”

“లేదే. చూస్తా కూచున్నా.”

ఆ మాటన్న గొంతు హైమకి తెలియదు. ఎప్పుడూ విన్నది కాదు. మెత్తగా, కొంచెం తేలికగా, పొద్దున్నే లేచి వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది. గుసగుస లేని పాపాయి గొంతు. బతికుంది. హైమ కుర్చీలో వెనక్కి పడిపోయి, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. జేబులోంచి పావని వెక్కిళ్ళు, జ్ఞానమ్మ స్తోత్రం, అన్నీ కలిసి వస్తున్నాయి. “ఇదేంటక్కా, సవరం ఇక్కడ పెట్టావు, పాప ఫొటో ముందు?” అంటోంది పావని. “రిబ్బను కూడా కట్టావు?” పాపాయి అంది, “మేడంగారు చెప్పారు కదే. రోజూ పది నిమిషాలు వెయ్యమన్నారు. పాప లేకపోతే మరి దేనికి వెయ్యను? చదువుకున్నావిడ, ఊరికే చెప్పదు గదా అనుకున్నా. రోజూ వేశాను. ఇవాళ కూడా వేశాను, ఇవాళ్టికి పాప పోయి రెండేళ్ళు.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే హైమ కొంచెం ఊపిరి పీల్చుకునేది. తను పొరపాటున విసిరిన మాటని ఆవిడ ఏడురోజులు మందులా వాడింది.

“ఫోనులో మేడంగారున్నారక్కా, ఇంకా లైన్లోనే ఉన్నారు,” అంది పావని, జేబు గుర్తొచ్చినట్టుంది. ఏడు. ఫోను చేతులు మారిన గరగరలు. హైమ ముందు తన నంబరు చెప్పింది, సొంత సెల్ నంబరు, క్లయింట్లకి ఎప్పుడూ ఇవ్వకూడనిది, రెండుసార్లు చెప్పింది, పావని దాన్ని తన ఫోన్లో కొట్టి మోగించింది, బల్లమీద సెల్లు వెలిగింది, పేరు లేని కొత్త నంబరు. ఇది కట్టయినా అది ఉంటుంది. ఆ డబ్బా ఇంట్లోంచి దూరంగా పంపించెయ్యండి, ఆవిణ్ణి ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి, అంది. “వదలమండి, ఇవాళే కాదు,” అంది శ్రీదుర్గ. ఇప్పుడు ఆవిడకివ్వండి, అంది హైమ. చెప్పాల్సిన క్షమాపణ నోటి దాకా వచ్చింది. నన్ను క్షమించండి అంటే ఆవిడ, అయ్యో అదేంటండి అంటుంది, తనని ఓదారుస్తుంది, అంతటితో అయిపోతుంది. అది తన బరువు దించుకోవడమే. దాన్ని మింగేసింది.

“వినపడుతోందాండి? నేను హైమనండి. మీ పేరేంటండి?”

“పాపాయండి.”

“పాపాయిగారూ.” ఆ పేరు తన నోట్లో మొదటిసారి పలుకుతోంది. తరవాత అడగాల్సింది ఫారంలో ముద్దుగా, మెత్తగా, ఎవరూ నొచ్చుకోకుండా రాసి ఉంది. ఆ మాటలేవీ రాలేదు. “మీకు చచ్చిపోవాలనుందా?”

అవతల గదిలో పావని ఏడుపు ఆగింది. ఎవరో కొంగుతో ముక్కు చీదారు. చూరు మీంచి నీళ్ళు దేని మీదో, బకెట్టేమో, ఆగకుండా పడుతున్నాయి. హైమ తొందరపెట్టలేదు, గడియారం వైపు చూడలేదు.

“ఉందండి,” అంది పాపాయి. చాలాకాలంగా మోస్తున్నది కింద పెడుతున్నట్టుగా, మళ్ళీ అంది: “శ్రీదుర్గని అడిగారంట. పావనిని కూడా అడిగారంట. నన్నెప్పుడు అడుగుతారా అని మూడు వంతులూ కూచున్నానండి.”